కదలని ముల్లు

“ఇంకొంచెం తొక్కప్పా!” ఇంజను పక్కన వంగి అరిచాడు జమాల్.

రఘురామ్ తొక్కాడు. తండ్రి కాలం నాటి ట్రాక్టరు కొట్టమంతా అదిరేలా మోత పెట్టింది. మీటరులో ముల్లు మాత్రం సున్నా మీదే పడుకుంది.

“నిన్న బాగుండె గదా మామా!”

“ఆపు. చూస్తా.”

జమాల్ మెకానిక్కు. దున్నే ముందు బండి ఒకసారి చూడమంటే పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి బైకు మీద వచ్చాడు. ట్రాక్టరు ఈరోజే జమ్మలమడుగు రోడ్డు పక్కనున్న చేనికి పోవాలి. పక్క చేను యోగానంద గట్టు రాళ్లు పీకి రఘురామ్ వాళ్ల చేనిలోకి జరిపాడు. ఇక వాడు విత్తనం వేశాడంటే ఆ నేల వాడిదే. ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా తిరిగి రాదు. అందుకే పాత గట్టు దాకా దున్నేస్తానన్నాడు రఘురామ్. “ట్రాక్టరెక్కి వస్తే రానీ, ఇంటికెట్ల పోతాడో చూస్తా” అని యోగానంద టీ కొట్టు దగ్గర నలుగురిలో అన్నాడు. ఆ మాట చెవినపడ్డప్పటి నుంచి రఘురామ్ తల్లి అన్నపూర్ణమ్మకు ముద్ద దిగడం లేదు.

జమాల్ మీటరు ఊడదీసి, వెనక కేబుల్ తగిలించే పుల్లను వేళ్లతో గిర్రున తిప్పాడు. ముల్లు పైకి లేచింది.

“మీటరుకేం రోగం లేదు. కేబులే పోయినట్టుంది.”

“అది లేకుంటే దున్నలేమా?”

“ఎందుకు దున్నలేం? ఇంజను ఎంత తిరుగుతాందో కనపడదు, అంతే. చేతి గడియారం పోతే మనిషి నడవడా?”

కేబుల్ వెంట చెయ్యి పోనిస్తూ ఇంజను కిందికి దూరాడు జమాల్. చెయ్యి ఒకచోట ఆగింది.

“ఏంది మామా?”

“ఈడికి రా.”

అరిగి తెగిన కేబుల్ చీపురులా పురులు విడిపోతుంది. ఇది సాపుగా ఉంది. కొస కొత్త ఇనుములా మెరుస్తోంది.

“తెగింది గాదప్పా. బ్లేడు పెట్టి కోసినారు. కూచోని నింపాదిగా కోసినారు.”

రఘురామ్ తలుపు వైపు చూశాడు. పొద్దున తీసేటప్పటికి దాని గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తనూ తల్లీ పడుకునేది ఆ గోడ అవతలే.

“బ్రేకులు చూడు మామా.”

జమాల్ బ్రేకులు చూశాడు, స్టీరింగు చూశాడు, బోల్టు బోల్టూ బిగించి చూశాడు.

“అన్నీ బాగుండాయి.”

“మరి దీన్నే ఎందుకు కోసిరి?”

“లోపలికి రాగలమని చెప్పనీకి. ఈ పొద్దు ఇది, రేపు బ్రేకు.”

అన్నపూర్ణమ్మ గడపలో నిలబడి అంతా వింటోంది.

“పోవద్దు నాయనా. నేల పోతే పోనీ. పులివెందులలో మీ అక్క కాడికి పోదాం పా.”

రఘురామ్ ఆమె చేతులు చూశాడు. ఆగకుండా వణుకుతున్నాయి. అప్పటిదాకా అతన్ని పట్టుకున్న భయం ఒక్కసారిగా ఇంకేదో అయింది. గోడకు ఆనించిన గొడ్డలి తీశాడు.

“యాడికిరా?”

“యోగానంద ఇంటికి. మా అమ్మ పండుకున్న తావుకొచ్చి బ్లేడు పెడతాడా? వాడో నేనో తేలిపోవాల.”

జమాల్ అతని భుజం పట్టుకున్నాడు. “పోలీసులకు చెప్దామప్పా, ఆగు!”

“రాళ్లు జరిపినప్పుడు చెప్తిమి గదా! టీ తాగి పోయిరి.”

విదిలించుకుని గడప దాటబోయాడు. అన్నపూర్ణమ్మ అడ్డంపడి కాళ్లు చుట్టేసుకుంది.

“వాడు గాదురా!”

“నీకేం తెలుసు? వదులు! వాడు గాక ఇంకెవరు?”

ఆమె తలెత్తలేదు.

“అది కోస్తే బండి కదలదనుకుంటి, నాయనా.”