అతుకు తెలియని ఫొటో

“ఓరి దేవుడోయ్! ఈయన రెండుసార్లు పడ్డాడేంటి?”

కంప్యూటరు ముందు కూర్చున్న గణేష్‌బాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. డిజిటల్ కెమెరా కొన్నానని కొవ్వూరంతా డప్పు కొట్టుకున్న ఫొటోగ్రాఫరు మరి! పొద్దున గోదావరి రేవులో ఉదయభాస్కర్ కుటుంబాన్ని వరసగా నిలబెట్టి, ఎడమనుంచి కుడికి కెమెరా తిప్పుకుంటూ ముక్కలు ముక్కలుగా తీశాడు. ఇప్పుడా ముక్కలన్నీ కలిపి ఒకే పొడవాటి ఫొటో చేశాడు. వెనకాల రైలు వంతెన ఎక్కడా విరగలేదు. అతుకు ఎక్కడుందో తనకే తెలియడం లేదు. అంతా బాగానే ఉంది గానీ, ఎడమ చివరనున్న ఉదయభాస్కర్ కుడి చివరా ఉన్నాడు. అదే నీలం చొక్కా, అదే మీసం.

సాయంత్రంలోగా ఫొటో రాజమండ్రి ఆస్పత్రికి చేరాలి. ఉదయభాస్కర్ తల్లి పాపాయమ్మగారికి తెల్లారితే గుండె ఆపరేషను. “నా పిల్లలందర్నీ ఒక్క ఫొటోలో చూస్తేగాని బల్ల ఎక్కను” అని ఆవిడ మొండికేసింది. ఇంకా ఆలస్యమైతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు చెప్పేశాడు.

ముక్కలు విడివిడిగా తెరిచి చూశాడు. మొదటి ముక్కలో ఉన్నాడు, ఆఖరి ముక్కలోనూ ఉన్నాడు. అంటే తప్పు కంప్యూటరుది కాదు. మధ్యలో తను బ్యాటరీ మార్చుకుంటుంటే, ఈ మహానుభావుడు వెనకనుంచి నడిచొచ్చి ఇటు చేరాడన్నమాట. ఎండకి కెమెరా తెర కనబడి చావలేదు. కుడి చివర తన మరదలు నాగదుర్గ పక్కన నిలబడ్డాడు. ఫొటోకి ముందు ఉదయభాస్కర్ చెల్లెలు హారతి, తన సంచిలోంచి బొట్టుబిళ్ళ తీసి అంటించింది ఆవిడకే. హడావుడిలో బొట్టు పెట్టుకోవడం మర్చిపోయింది కాబోలు అనుకున్నాడప్పుడు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ స్టూడియోకి రానే వచ్చారు.

“పొరపాటైపోయిందండి. మీరు రెండు చివర్లా పడ్డారు. ఒకర్ని తీసేస్తాను. ఏ పక్కవారిని తీసేయమంటారు?”

ఉదయభాస్కర్ వంగి చూశాడు. “ఎవర్నీ తియ్యద్దండి.”

“అదేంటండీ! చూసినవాళ్ళు నవ్వరూ? నా పరువు గోదాట్లో కలిసిపోద్దండి.”

“ఫొటో మీద మీ పేరు వెయ్యకండి.”

“అన్నయ్యా, అచ్చం...” అంటూ హారతి ఆగిపోయింది.

“అచ్చం ఏంటమ్మా?”

“ఏం లేదండీ. బాగా వచ్చింది.”

తప్పు పడితే బాగా వచ్చిందంటారేంటి? మతి పోయింది వీళ్ళకా, నాకా? గణేష్‌బాబుకి ఏమీ పాలుపోలేదు.

“మా ఇంట్లో ఇంకెవరికీ చూపించకండి. నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్తాం,” అన్నాడు ఉదయభాస్కర్. “చిన్న పని. కుడిపక్కనున్న మనిషికి గడ్డం మీద నల్లమచ్చ పెట్టగలరా?”

“మచ్చలు తీసెయ్యమనేవాళ్ళే గానీ, పెట్టమనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండి!”

ఎగతాళి చేస్తున్నారేమోనని ఉక్రోషం వచ్చింది. అయినా మౌస్ పట్టుకుని మచ్చ పెట్టాడు.

“ఇంకాస్త కిందకండీ,” హారతి తెర మీద వేలు పెట్టి చూపించింది. “ఆఁ, అక్కడే.” ఆ వేలు అక్కడినుంచి తీయకుండా ఏడ్చేసింది.

గణేష్‌బాబు కంగారుగా కుర్చీలోంచి లేచాడు. “అయ్యా, నాకు బుర్ర తిరిగిపోతోంది! మీ గడ్డానికి మచ్చే లేదు కదా. కన్నకొడుకు మొహం మీ అమ్మగారికి తెలియదా?”

“తెలుసు కాబట్టే పెట్టమంటున్నానండీ,” అంటూ ఉదయభాస్కర్ స్టూలు మీద కూలబడ్డాడు. అతని కళ్ళు ఫొటోలో కుడి చివరే ఉన్నాయి.

“మేం కవలలమండి, తమ్ముడు పోయిన సంగతి అమ్మకింకా చెప్పలేదు.”