బ్రేకు మీద కాలు

కాలు తీస్తే ఏమవుతుంది? మళ్లీ అదే. పోయిన నెల ఇదే వాలు మీద, బగియో మార్కెట్టుకు వెళ్లే క్యాబేజీ లోడుతో, గేరు వెయ్యకుండా దిగాడు పాగ్సి. కాఫీ కప్పు నోటిదాకా వచ్చేలోపు లారీ వెనక్కి జారింది. వెనక తాళ్లు బిగిస్తున్న లుమాస్ మళ్లీ లేవలేదు.

ఇవాళ ఈ వాలు పక్కనే ఉన్న లుమాస్ ఇంట్లో పందిని కోశారు. చావుకు కారణమైనవాడు ఆ ముంగిట్లో కూర్చుని తింటే రెండు ఇళ్ల మధ్య పగ ఉండదు. పెద్దలు లేచేలోపు తినాలి.

మొదటి గేరులోనే ఉంది లారీ. కానీ పాత ఇంజను, గేరులో ఉన్నా ఆగదు. హ్యాండ్‌బ్రేకు తీగ తెగి ఏడాదైంది. సీటు కింద, చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలుండే చోటు ఖాళీ. పక్క సీట్లో సుత్తి ఒక్కటే ఉంది. పాగ్సి బ్రేకు మీంచి కాలు తియ్యలేదు.

లుమాస్ తమ్ముడు దాగ్వే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం అన్నా, మోసుకెళ్లమంటావా?"

"కాలు తీస్తే జారుతుంది."

"చెక్కలేవి?"

"సీటు కింద లేవు."

"అయితే ఇంకా బుద్ధి రాలేదన్నమాట. ఉండు, రాయి పెడతా."

"వెనక్కి వెళ్లకు. ఎవరూ వెళ్లొద్దు."

ఆ మాటకు దాగ్వే ఆగిపోయాడు. పాగ్సి అరచేతుల మట్టిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పెద్దలు చేతులు కడుక్కుంటున్నారు. నువ్వు తినకుండా వాళ్లు లేచారో, రేపట్నుంచి నేను నీకు తమ్ముణ్ని కాను."

దాగ్వే వెళ్లిపోయాడు. పొగమంచు అద్దాన్ని మూసేసింది. లుమాస్ తల్లి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె భోజనానికి పిలిచింది. పిలిచిన మనిషి ఎదుట ముద్ద ఎలా మింగడం?

ఆమే వచ్చింది. పాగ్సి వద్దనేలోపే మంచులో లారీ వెనకనుంచి తిరిగి, ఇటువైపు తేలింది.

"ఎంతసేపైంది నాయనా?"

"గంట."

"కాలు పీక్కుపోవట్లేదూ?"

అతను స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"వాడి గిన్నె కడిగి పెట్టాను. అందులో తిందువుగాని, రా."

"దిగితే జారుతుందమ్మా."

"జారితే నేను పట్టుకుంటాలే." ఆమె తలుపు తీసి పట్టుకుంది.

పాగ్సి కాలు తీశాడు. లారీ కదలలేదు.

రాగానే పాగ్సి తనే సుత్తితో దిగగొట్టిన రెండు చెక్కలూ వెనక చక్రాల కింద గట్టిగానే ఉన్నాయి.