నాన్న తీసిన కొలత

సినిమాహాలు కుర్చీలన్నీ నాలుగేసి అంగుళాలు వెడల్పు చేయాలని మేనేజరు అనగానే వడ్రంగి మేస్త్రీ ముఖం మాడ్చుకున్నాడు.

"ముప్పై ఏళ్లలో దేశంలో పెద్దవాళ్లంతా బరువెక్కారట మేస్త్రీ. సర్వేలో తేలింది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఇవి మా నాన్న తీసిన కొలతలండీ, నేను ముట్టుకోను. కావాలంటే చూడండి" అంటూ మేస్త్రీ ఊపిరి బిగబట్టి ఓ కుర్చీలో కూర్చున్నాడు. "ఎంత హాయిగా ఉందో."

"సరే, మీరే గెలిచారు. లేవండి, టీ తాగుదాం."

మేస్త్రీ బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని లేవబోయాడు. బోల్టులు కిర్రుమన్నాయి గానీ కుర్చీ అతన్ని వదల్లేదు.

"మా నాన్న పనితనమండీ. ఓ పట్టాన వదలదు" అన్నాడు గర్వంగా.

కాసేపు పెనుగులాడాక గొంతు తగ్గించి అడిగాడు.

"నాలుగంగుళాలు చాలంటారా?"