మోకాళ్ల లెక్క

"ఏవండీ, కింద కూర్చుని ఏం చేస్తున్నారు?"

"కూర్చోలేదే. ఇరుక్కుపోయాను."

మంచం కింద పడ్డ కళ్లజోడు కోసం వంగాడు బస్సు డ్రైవరు. ప్రమాదంలో పోయిన కాలి బదులు పెట్టించుకున్న కృత్రిమ కాలు మడతపడి, మళ్లీ చాచుకోనంది.

భార్య పరుగున వచ్చి, చంకల కింద చేతులేసి లాగింది. అతను లేవలేదు సరికదా, ఆమే అతని పక్కన మోకాళ్ల మీద పడింది. లేవబోయి "అమ్మో" అంది.

"నీకేమొచ్చింది? రోజూ మోకరించేదానివేగా!"

"మానేసి ఐదు నెలలైంది. కుర్చీలోనే చేసుకుంటున్నా, ప్రార్థన."

"ఎందుకు?"

"కాలు పోయాక మీరు 'ఒక మోకాలు దేవుడే తీసేసుకున్నాడు, రెండోది ఆయన ముందు వంచను' అన్నారుగా. మిమ్మల్ని వదిలేసి నేనొక్కదాన్నే మోకరించబుద్ధి కాలేదు."

అతనేమో, ఆమె తలుపేసుకుని, మోకరించి, దేవుడికి తన మీద చాడీలు చెబుతోందని ఇన్నాళ్లూ ఉడికిపోయాడు మరి!

ముందు అతని బుగ్గలు వణికాయి. తర్వాత ఆమె కిసుక్కుమంది. ఇక ఇద్దరూ మంచం పట్టె పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"పక్కింటివాళ్లని పిలవనా?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

"ఆగవే. ఎలాగూ మోకాళ్ల మీదికి దిగాం కదా."

ఐదు నెలల్లో మొదటిసారి అతను చేతులు జోడించాడు.

"ప్రభువా, మా ఇద్దరికీ కలిపి మూడే మోకాళ్లు. వీటితోనే సర్దుకో తండ్రీ."