పన్నెండిళ్ల సందు

“ఈ పేటలో నేను తొక్కని వీధి లేదు మేడమ్. చెప్పులు ఎప్పుడో అరిగిపోయాయి. ఇప్పుడు మడమలు అరుగుతున్నాయి,” అన్నాడు రాకెట్ ఫోన్లో.

అప్పటికి వాడు టీ కొట్టులో కదలకుండా కూర్చుని మూడు గంటలైంది. చెప్పులు బల్ల కింద కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి.

ఆఫీసులో వాణ్ని రాకెట్ అంటారు. వేగం చూసి కాదు, నోరు తెరిస్తే వదిలే కోతల పొగ చూసి.

ఊళ్ల మ్యాపులు అచ్చువేసే ఆఫీసు అది. కొత్తగా చేరినవాడు ఒక పేటంతా కాలినడకన తిరిగి, వీధి వీధినీ చదివి రాయాలి. ఏ ఇల్లు ఎందుకలా ఉంది, ఏ దారి ఎందుకలా తిరిగింది, ఎవరు ఏం చేసుకుని బతుకుతున్నారు, అన్నీ. సాయంత్రం ఐదుకి మేడమ్ చదువుతుంది. నచ్చితే ఉద్యోగం ఖాయం.

నచ్చకపోతే వాడు మళ్లీ బావ నోట్లో పడాలి. అక్క ఇంట్లో దిగి ఏడాదైంది. “ఉద్యోగం పర్మనెంటా, మకాం పర్మనెంటా బావమరిదీ?” అని బావ రోజూ కంచం ముందే అడుగుతున్నాడు.

అందుకని రాకెట్ ఆఫీసు బీరువాలోంచి పాతికేళ్ల నాటి మ్యాపు ఒకటి లాక్కొచ్చి, దాన్ని ముందేసుకుని, ఊహించి రాసేస్తున్నాడు.

నలభై పేజీలయ్యేసరికి ఊహలు కూడా అయిపోయాయి. పైగా పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన. మోకాళ్ల దాకా దుమ్ము, చెవి మీద ఎర్ర పెన్సిల్ ముక్క, కాళ్ల దగ్గర ప్రయాణం పెట్టె.

“ఏం రాస్తున్నావు బాబూ?”

“వీధిని చదువుతున్నానండీ.”

“వీధి బయట ఉంది కదా?”

“నాకు చూపెక్కువండీ. గోడల్లోంచి కనపడుతుంది.”

ముసలాయన నవ్వలేదు. వాకిట్లోంచి వేలు చూపించాడు. “ఆ ఎదురు వరస ఇళ్లకి నాలుగేసి మెట్లున్నాయి. ఈ వరసకి ఒక్కటే. ఎందుకో రాశావా?”

మ్యాపులో మెట్లుండవు. రాకెట్ తడుముకోలేదు. “ఎదురు వరస వాళ్లకి పొగరెక్కువండీ.”

“పొగరు కాదు నాయనా, భయం. ఆ ఇళ్ల ముందు ఒకప్పుడు కాలవ ఉండేది. పూడ్చేశారు. ఆ సంగతి నీళ్లకి ఎవరూ చెప్పలేదు. గట్టి వాన పడితే పాత దారినే వచ్చేస్తాయి. ఈ వీధి వంపు కూడా కాలవ నేర్పిన నడకే.”

రాకెట్‌కి ఒళ్లు మండింది. పదిహేడో పేజీలో ఆ వంపుకి కారణం తాగుబోతు మేస్త్రీ అని సిరాతో రాసేశాడు. ఇప్పుడది కొట్టెయ్యాలి.

కొట్టెయ్యలేదు.

ముసలాయన మ్యాపు మీదికి వంగాడు. వీధి చివర సన్నటి గీత ఒకటుంది. దాని మీద వేలు పెట్టాడు.

“ఈ సందు గురించి కూడా రాశావా?”

“రెండు పేజీలు. పన్నెండిళ్లు. ఇంటింటికీ కుట్టుమిషను. పిల్లులు ఇరవై మూడు.”

“ఇరవై మూడా?”

“ఒకటి కడుపుతో ఉందండీ. రేపటికి లెక్క మారుతుంది.”

ఈసారి ముసలాయన నవ్వాడు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. “లేచి రా బాబూ. రెండు నిమిషాల నడక. ఇద్దరం చూసొద్దాం.”

“తాతగారూ, మీకు పనిలేదు. నాకుంది.”

“పోనీ ఆ రెండు పేజీలు కొట్టెయ్. నా మాట విను.”

“ఈ ఊరేదో మీరే కట్టినట్టు మాట్లాడతారేంటండీ! వదిలెయ్యండి నన్ను!”

కొట్టులో అందరూ తిరిగి చూశారు.

“కట్టలేదు నాయనా. నడిచానంతే.” చెవి మీది పెన్సిల్ ముక్క తీసి, వాడి కాగితాల మీద పెట్టాడు. “దీంతో కొట్టెయ్.” పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుని రాకెట్ పెన్సిల్ జేబులో పడేసుకున్నాడు. ఆ కోపంలో సందులో ఇంకో నాలుగు పిల్లుల్ని పెంచాడు.

ఐదింటికి ఆఫీసులో మేడమ్ చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగింది.

“ఈ సందులోకి వెళ్లావా?”

“వెళ్లడమేంటి మేడమ్! ఒక పిల్లి గీరింది కూడా.” చెయ్యి చూపించాడు.

మేడమ్ కాగితాలు మూసేసింది. “అక్కడ సందు లేదు. గోడ ఉంది. మన మ్యాపుని ఎవరైనా కాపీ కొడితే దొరికిపోవాలని, అప్పట్లో దాన్ని గీసిన పెద్దాయన లేని సందొకటి కావాలని పెట్టాడు.”

రాకెట్ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

“ఊరంతా కాళ్లతో కొలిచిన మనిషి. ఇవాళే ఊరు వదిలి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఆ పేటకి కొత్త కుర్రాణ్ని పంపానని పొద్దున ఫోన్లో చెబితే, బండెక్కేలోపు తోడు నడిచి నాలుగు మాటలు చెబుతానన్నాడు. నాలుగున్నర బండి. వెళ్లిపోయుంటాడు.” ఆమె తలెత్తింది. “నీకు ఎవరూ కనపడలేదా?”

లేదు అనడానికి నోరు తెరిచాడు రాకెట్. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పొగ రాలేదు.

జేబులోంచి ఎర్ర పెన్సిల్ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

“కనపడ్డారు మేడమ్... ఆ సందు గీసినాయనే దాన్ని కొట్టెయ్యమని ఇది నా కాగితాల మీద పెట్టి వెళ్లారు, నేనే టీ కొట్టులోంచి లేవలేదు.”