వేడెక్కితేనే తెలిసే గుణం

“పొగ చూడు నాయనా, పొగ! ఇట్లాంటి బండి కొంటావా?” అన్నాడు రంగప్ప, కారు వెనక్కి వేలు చూపిస్తూ.

బండి చూడ్డానికి వచ్చిన మోహన్‌రాజ్ వంగి చూశాడు. “యాడుండాదయ్యా పొగ?”

“ఇప్పుడే ఆగిపోయినట్టుండాది.”

మెట్ల మీద నిలబడిన భారతమ్మ మొగుడి వైపు ఉరిమి చూసింది.

కారును అమ్మకానికి పెట్టింది ఆమే. గుడియాత్తంలో లుంగీలు కొని వేలూరు అంగళ్లకు వేసినంత కాలం రంగప్ప ఆ డీజిల్ కార్లోనే రోజూ పోయి వచ్చాడు. వ్యాపారం మానేశాక కూడా పొద్దున లేస్తూనే దాన్ని స్టార్ట్ చేసి, తల ఒక పక్కకు వంచి, ఆ చప్పుడు వింటూ కూర్చుంటాడు. కాఫీ చల్లారిపోయినా లేవడు. భారతమ్మతో మాట్లాడేది తక్కువ, బండితో మాట్లాడేది ఎక్కువ. ముందు వచ్చిన వాళ్లందరినీ బండి మీద లేనిపోనివి చెప్పి తరిమేశాడు. ఈసారి ఆమె తేల్చి చెప్పేసింది: “ఈ బేరం చెడగొడితే మీరూ మీ బండీ ఆ షెడ్డులోనే కాపురం పెట్టుకోండి.”

“నేను రోజూ వేలూరికి పోవాల. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు పోయినాయి. అందుకే డీజిల్ బండి చూస్తా ఉండా” అన్నాడు మోహన్‌రాజ్.

“క్లచ్చి రాయి మాదిరి ఉంటాదప్పా. ఉండే కాళ్లు కూడా పోతాయి” అన్నాడు రంగప్ప.

“మీరు సుమ్మా నోరు మూసుకుని ఉండండి! ఆయన మాట వినొద్దు నాయనా, వెన్న మాదిరి ఉంటాది” అంది భారతమ్మ.

“మాటలతో తేలదమ్మా. డీజిల్ బండి చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలీదు. దూరం పోయి వేడెక్కితేనే గుణం బయటపడేది. వేలూరు దాకా తోలి చూపిస్తారా?”

రంగప్ప తాళం చేయి అతని ముందు పెట్టాడు. “నువ్వే తోలు. తెలుస్తాది.”

“వద్దయ్యా. ఓనరు తోలితేనే బండి నిజం చెప్తాది.”

ఆ మాట భారతమ్మకు నచ్చింది. మొగుడి మీద నమ్మకం లేక తానూ చెప్పులేసుకుని వెనక సీట్లో కూర్చుంది.

స్టార్ట్ కాకపోతే బాగుండునని రంగప్ప మొక్కుకున్నాడు. తాళం తిప్పాడో లేదో బండి గుర్రుమంది. ఊరు దాటాక కావాలనే పెద్ద గేరులో పెట్టి మెల్లగా పోనిచ్చాడు, దడదడ కొట్టుకుంటుందేమోనని. కొట్టుకోలేదు. ఇంత కాలం సాకింది ఇందుకేనా అని దాన్ని మనసులోనే తిట్టుకున్నాడు.

“ఏసీ నిండుగా పెట్టండయ్యా. ఇంజనుకు బరువు పడాల” అన్నాడు మోహన్‌రాజ్.

పెట్టాడు. బండి ఒళ్లు చల్లబడేట్టు గాలి విసిరింది.

లత్తేరిలో ఒక హోటలు ముందు ఆపమన్నాడు. “వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూడాల. ఆ లోపల ఏదైనా తిందాం.”

అతను పొంగలూ వడా తిన్నాడు, మళ్లీ ఇంకో వడ తెప్పించుకున్నాడు. బేరం కుదిరే మనిషని భారతమ్మ తానే డబ్బులు ఇచ్చేసింది. బండి ఒక్క తిప్పుకే స్టార్ట్ అయ్యింది. రంగప్ప మొహం మాడిపోయింది.

“ఇక మాట్లాడొద్దండి. ఇంజను చప్పుడు వినాల” అని మోహన్‌రాజ్ సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

“బండి బాగా తెలిసినోడు” అని భారతమ్మ గుసగుసలాడింది.

కాట్పాడి దాటేదాకా అతను కదలకుండా విన్నాడు. ఎంత శ్రద్ధగా విన్నాడంటే నోరు కూడా తెరుచుకుంది.

పాలారు వంతెన మీద గుంతకు ఎగిరిపడి కళ్లు తెరిచాడు. “చప్పుడు కొంచెం ముసలిగా ఉండాదయ్యా” అన్నాడు.

రంగప్పకు రోషం పొడుచుకొచ్చింది. “ముసలా? ఎవర్రా ముసలి? తుపాను వానకు ఇదే వంతెన మీద కొత్త బండ్లన్నీ నిలిచిపోతే, వాటి పక్కనే నవ్వుకుంటా పోయిందప్పా ఇది! ఒక్కనాడు, ఒక్కనాడన్నా నన్ను దోవలో దించిందా? నా పెండ్లాం అలిగి పుట్టింటికి పోయినప్పుడు కూడా ఇది అలగలేదు!”



“ఇన్నాళ్లకు నోట నిజం వచ్చింది” అంది భారతమ్మ, సంతోషంగా.

రంగప్ప నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

సత్తువాచారిలో ఒక ఆఫీసు గేటు ముందు మోహన్‌రాజ్ ఆపమన్నాడు. దిగి బానెట్ మీద ప్రేమగా తట్టాడు. “బంగారం లాంటి బండయ్యా. ఈడ కొంచెం పని ఉండాది. ఇంట్లో ఒక మాట అడిగి చెప్తా.”

అతను లోపలికి పోయాడు.

“కుదిరిపోయింది” అంది భారతమ్మ.

రంగప్ప స్టీరింగు మీద లేని దుమ్మును తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కొంతసేపటికి, “ఇదే కడసారి గదా, అణైకట్ ఊరి మీదుగా చుట్టు తిరిగి పోదామా?” అన్నాడు.

భారతమ్మ అతని వైపు చూసింది. దిగి ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది.

బండి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మోహన్‌రాజ్ కిటికీలో నుంచి చూశాడు. తర్వాత తన కుర్చీలో కూర్చుని ఫోను తీసి ఏదో నంబరు నొక్కాడు.

“అన్నా, మీ కారు రేపు పొద్దున వేలూరు దాకా తోలి చూపిస్తారా?”