తోకల తాత

మూడు వందల పుస్తకాలు తెచ్చి దబ్బున బల్ల మీద పడేసిందామె.

"ఇది మా అమ్మ పేరేనా? తోకలేవీ, కొక్కేలేవీ? శనివారం ఇవి పంచితే వచ్చినవాళ్లంతా మా మొహాన నవ్విపోతారు."

అక్పెనే తల వంచుకుంది.

హో అనే పట్నంలో లారీల అడ్డా పక్కన ఆమెకో అచ్చు కొట్టుంది. అంత్యక్రియల నాడు పంచే పుస్తకాలే దానికి ఆధారం. పోయినవాళ్ల జీవితకథంతా అక్కడివాళ్లు మాట్లాడే ఎవె భాషలోనే ఉండాలి. కానీ కొట్లోని పాత కంప్యూటర్‌లో టైపు చేయడానికి నడిచే ఎడిటర్ ఒక్కటే ఉంది. దానికేమో ఇంగ్లీషు అక్షరాలకే తోకలూ కొక్కేలూ తగిలించినట్టుండే ఎవె అక్షరాలంటే గిట్టదు. నొక్కితే ఖాళీ డబ్బా చూపించి, పక్క అక్షరాన్ని కూడా మింగేసేది. అందుకని అక్పెనే మామూలు ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టేసింది.

"ఇలా ఇవ్వమ్మా" అన్నారెవరో.

జిరాక్స్ కోసం నిలబడ్డ ముసలాయన. జేబులోంచి నల్ల సిరా పెన్ను తీసి, ఒక పుస్తకం తెరిచి సన్నగా తోక పెట్టాడు.

పోయినావిడ కూతురు దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. ఏది అచ్చో, ఏది చేతి రాతో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం సాయంత్రానికి మూడు వందలూ పూర్తిచేశాడు.

సోమవారం నుంచి గుమ్మం పక్క స్టూలు ఆయనదైంది. పేజీకింత అని కూలి, మధ్యాహ్నం అక్ప్లే అనే మొక్కజొన్న పిండి ముద్ద, బెండకాయ పులుసు. పేరేమిటని ఎవరూ అడగలేదు. కొట్లో టైపు చేసే ఏనామ్ "తోకల తాత" అంది. అదే ఖాయమైంది.

"తాతా, ఇంకెన్ని తోకలున్నాయి?"

"నీ గోళ్ల రంగు ఆరేలోపు అయిపోతాయిలే."

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు తాత మూల కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఒకే మీట పదిసార్లు నొక్కేవాడు. ఏదో కాగితం మీద గీసుకునేవాడు. తర్వాత ఒక్కో వేలితో ఏదో రాసేవాడు.

"ఎవరికి తాతా, ప్రేమలేఖా?" అంది ఏనామ్.

"దూరాన ఉన్నారులే ఎవరో. ఒకటి చెబితే పది అడుగుతారు."

"అయితే పెళ్లి సంబంధమే."

"దానికంటే కష్టం."

అక్పెనే నెల రోజులు చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేదు.

"తాతా, ఆ కుర్చీ కస్టమర్లది. కరెంటు ఊరికే రాదు కదా."

"నిజమేనమ్మా" అని లేచాడు.

మర్నాటి నుంచి తిన్న చెయ్యి కడుక్కుని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ కొట్టుకు వెళ్లేవాడు. ముసలితనంలో ఆటల పిచ్చి పట్టినట్టుందని అక్పెనే నవ్వుకుంది.

అలా ఏడాది కావస్తుండగా, ఒక ఉదయం ఏనామ్ కేక వేసింది.

"అక్కా, ఎడిటర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. ఇటు చూడు."

మీట నొక్కింది. అక్షరం తోకతో సహా బుద్ధిగా వచ్చి కూర్చుంది. పక్క అక్షరానికీ ఏమీ కాలేదు. ఇద్దరూ తమ అమ్మమ్మల పేర్లు కొట్టి చూసుకుని మురిసిపోయారు.

తర్వాత ఇద్దరూ గుమ్మం వైపు చూశారు.

చెప్పక తప్పింది కాదు.

"తాతా, ఇక... తోకలు వాటంతటవే వస్తున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒకసారి నన్ను చూడనిస్తావా?"

కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే నొక్కాడు. చిన్నవీ నొక్కాడు, పెద్దవీ నొక్కాడు. కళ్లు తడిశాయి.

పని పోయిందని బాధ అనుకుంది అక్పెనే. జాలేసింది. కానీ తను మాత్రం ఏం చేస్తుంది?

"అప్పుడప్పుడు భోజనానికి వస్తుండు తాతా."

మాటవరసకు అంది. ఆయనకూ అది తెలుసు. మళ్లీ రాలేదు.

ఎక్కడుంటాడో కనుక్కోవాలని ఆమె చాలాసార్లు అనుకుంది. అనుకోవడంతోనే రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

ఒక రోజు చావింటి గుర్తుగా ఎర్ర గుడ్డ తలకు చుట్టుకున్న ఒకామె వచ్చి, బల్ల మీద ఫొటో పెట్టింది.

"మా నాన్న. రెండు వందల పుస్తకాలు కావాలి."

టై కట్టుకున్న ఆ మనిషిని గుర్తుపట్టడానికి అక్పెనేకు కాస్త సేపు పట్టింది.

"ఎప్పుడమ్మా?"

"పది రోజులైంది. మీ కొట్లోనే వేయించమన్నాడు."

"ఆయనకు మా మీద కోపం లేదా?"

"కోపమెందుకు? ఎప్పుడూ మీ బెండకాయ పులుసు గురించే చెప్పేవాడు."

ఏడాది పాటు తన గుమ్మంలో కూర్చున్న మనిషి. పోయాడని కూడా తెలియలేదు.

ఏనామ్‌ను కుర్చీలోంచి లేపి, అక్పెనే తనే టైపు చేయడానికి కూర్చుంది. కూతురు చేత్తో రాసి తెచ్చిన కాగితం పక్కన పెట్టుకుంది.

మొదటి వరుసలో పేరు. గెర్షన్ క్వాసీ డోట్సే. ఇన్నాళ్లకు తెలిసింది.

పుట్టింది పెకి అనే ఊళ్లో. క్రైస్తవ మిషను వాళ్ల అచ్చుకూటంలో ముప్పై ఎనిమిదేళ్లు సీసపు అక్షరాలు కూర్చాడు. భార్య ముందే పోయింది.

అక్పెనే నెమ్మదిగా కొట్టింది. ఏ అక్షరమూ మొండికేయలేదు. కళ్లకు నీళ్లు అడ్డుపడుతుంటే తుడుచుకుంటూ చివరి వాక్యానికి వచ్చింది.

"తోకలు పెట్టి సంపాదించిందంతా కంప్యూటర్ అద్దెకే పోసి, ఆ ఎడిటర్ తయారుచేసేవాళ్లకు డెబ్భై రెండు ఉత్తరాలు రాసి, వాళ్లు పంపిన ప్రతి మార్పునూ తన వేళ్లతో నొక్కి చూసి, మన అక్షరాలను అందులోకి రప్పించింది మా నాన్నే."